పాఠం 5: జాతీయాలు – పరభాషల్లో వాటి సమానార్థకాలు (కృష్ణా డెల్టా నీటి పలుకుబళ్లపై విమర్శనాత్మక పరిశీలన)

5.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• జాతీయానికీ సామెతకూ గల తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఒక జాతీయానికి పరభాషలో దొరికే సమానార్థకాలను రకాలుగా విడదీయగలుగుతారు.
• చూడటానికి ఒకేలా ఉండి అర్థంలో వేరుపడే జాతీయాలను గుర్తించగలుగుతారు.
• అనువాదంలో ఒక జాతీయం ఏమి నిలబెట్టుకుందో, ఏమి పోగొట్టుకుందో విమర్శించగలుగుతారు.

5.1 ప్రవేశిక

మచిలీపట్నంలోని కొన్ని పేటల పేర్లు గమనించండి: వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. వలందులు అంటే హాలెండు దేశస్థులు. పరాసులు అంటే ఫ్రెంచివారు. 'బందరు' అనే పేరు కూడా పారసీ భాషలో రేవుకు వాడే మాటే. ఇంగ్లీషు వర్తకులు 1611లో ఇక్కడ తమ వర్తకస్థావరాన్ని పెట్టుకున్నారు. అలా ఈ రేవులో సరుకులతోపాటు భాషలు కూడా కలుసుకున్నాయి. రెండు భాషల వాళ్ల నడుమ మాట నడిపే మనిషిని 'దుబాసీ' అన్నారు. 'ద్విభాషి' అనే మాటకు అది రూపాంతరం.

దుబాసీకి ధర చెప్పడం, తూకం చెప్పడం పెద్ద కష్టం కాదు. అంకెకు అంకె దొరుకుతుంది. కాని ఒక నేతగాడు 'ఈ బేరం మమ్మల్ని నట్టేట ముంచుతుంది' అన్నాడనుకోండి. దాన్ని దొరకు ఎలా చెప్పాలి? ఏరు, నడుమ, ముంచడం అనే మూడు మాటలను మూడు ఇంగ్లీషు మాటలుగా మారిస్తే, ఈ బేరంలో నది ఎక్కడుందని దొర అడుగుతాడు. 'నష్టం వస్తుంది' అని చెబితే విషయం అందుతుంది. కాని నమ్మించి మధ్యలో వదిలేస్తారేమో అన్న భయం, ఆ మాటలోని నిష్ఠూరం దారిలోనే జారిపోతాయి. నేతగాడు చెప్పింది నష్టం గురించి మాత్రమే కాదు, నమ్మకం గురించి కూడా.

ఈ పాఠంలో మనం చర్చించే సమస్య ఇదే. ఇందుకోసం దిగువ కృష్ణా డెల్టాను, అంటే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను తీసుకుంటున్నాం. ఇది కాలువలు, గట్లు, రేవులు ఉన్న నేల. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న ద్వీపభూమి దివిసీమ. మనం పరిశీలించే జాతీయాలు ఈ ప్రాంతానికి మాత్రమే చెందినవి కావు. తెలుగువాళ్లందరూ వాడేవే. అయితే ఇక్కడ ఆ మాటల వెనుక ఉన్న దృశ్యం ఇంకా కళ్లెదుటే ఉంది. అందువల్ల జాతీయం ఎలా బతుకుతుందో, అనువాదంలో దానికి ఏమవుతుందో గమనించడానికి ఈ ప్రాంతం అనువైనది.

5.2 జాతీయం, సామెత: తేడా ఎలా తెలుసుకోవాలి?

విడివిడి పదాల అర్థాలను కలిపినా రాని అర్థాన్ని ఇచ్చే పదబంధం జాతీయం. దీన్ని నుడికారమనీ, పలుకుబడి అనీ కూడా వ్యవహరిస్తారు. సామెత ఇందుకు భిన్నం. అది తనకు తానుగా పూర్తయిన మాట. ఒక అనుభవ సారాన్ని చెప్పి ఊరుకుంటుంది. 'ఆడలేక మద్దెల ఓడు' అన్నది సామెత. వాక్యం ఏదైనా ఆ మాట మారదు, చివర 'అన్నట్టు' అని తగిలిస్తాం. 'గట్టెక్కు' అన్నది జాతీయం. అది వాక్యంలో క్రియలా ఒదిగిపోతుంది: 'పరీక్ష గట్టెక్కాడు', 'అప్పుల నుంచి గట్టెక్కలేకపోయాం', 'మేనమామ గట్టెక్కించాడు'.

జాతీయాన్ని గుర్తించడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. పదబంధంలో ఒక మాటను తీసి దాని పర్యాయపదాన్ని పెట్టి చూడండి. 'కొంప మునిగింది' అంటే సర్వనాశనమైంది అని అర్థం. 'ఇల్లు మునిగింది' అంటే ఇంట్లోకి నీళ్లొచ్చాయని మాత్రమే అర్థం. కొంప, ఇల్లు రెండూ ఒక వస్తువుకే పేర్లు. అయినా మాట మారగానే జాతీయం మామూలు వాక్యమైపోయింది. జాతీయం అర్థంతో పాటు తన మాటలను కూడా పట్టుకుని ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. సొంత భాషలోనే పర్యాయపదానికి లొంగని పదబంధం పరభాషలో మాటకు మాటగా లొంగుతుందని ఆశించలేం.

దీనికి మరో చక్కని ఉదాహరణ 'కొంపదీసి'. 'కొంపదీసి వాళ్లు ఈరోజే రారు కదా!' అంటాం. ఇందులో ఇల్లు లేదు, తీయడం లేదు. ఒక ఊహించని పరిణామం జరుగుతుందేమో అన్న కంగారు మాత్రమే ఉంది. దీన్ని హిందీలో చెప్పాలంటే 'కహీఁ ఐసా తో నహీఁ' అని మొదలుపెట్టాలి. ఇక్కడ చిత్రాన్ని దాటించలేం. దాటించవలసింది కంగారును.

స్వయం మూల్యాంకన ప్రశ్న 1: 'ఆశలమీద నీళ్లు చల్లాడు', 'మొక్కలమీద నీళ్లు చల్లాడు' – ఈ రెండింటిలో జాతీయం ఏది? పర్యాయపద పరీక్షతో నిరూపించండి.

5.3 సమానార్థకాల్లో రకాలు

అనువాద సిద్ధాంతకారుడు యూజీన్ నైడా 1964లో రెండు రకాల సమానత్వాన్ని ప్రతిపాదించాడు. మూలం రూపాన్ని అనుసరించేది ఒకటి. మూలం చదివినవారికి కలిగిన అనుభవమే అనువాదం చదివినవారికీ కలిగేలా చూసేది రెండోది. మోనా బేకర్ 1992లో వెలువరించిన తన గ్రంథంలో జాతీయాల అనువాదానికి ఉన్న మార్గాలను విడదీసి చూపింది. వాటిని మన అవసరానికి తగినట్టు నాలుగు రకాలుగా చెప్పుకుందాం.

(అ) అర్థమూ చిత్రమూ కలిసేవి: 'నట్టేట' అన్న మాటలో నడుమ, ఏరు ఉన్నాయి. తమిళంలో నమ్మినవాణ్ని వదిలేయడాన్ని 'నట్టాట్రిల్ విడుదల్' అంటారు. అంటే నడి ఏటిలో వదిలేయడం. కన్నడంలో 'నడునీరినల్లి కైబిడు' అంటారు. హిందీలో 'మఁఝధార్ మేఁ ఛోడ్‌నా' అంటారు. నాలుగు భాషల్లోనూ నది ఉంది, మధ్యభాగం ఉంది, ద్రోహం ఉంది. అయినా చిన్న తేడా గమనించండి. తమిళ, కన్నడ, హిందీ మాటల్లో మనిషిని వదిలేస్తారు. తెలుగులో ఏకంగా ముంచుతారు. తెలుగు మాటలో నేరం ఇంకొంచెం బరువైనది.

(ఆ) అర్థం కలిసి, చిత్రం కొంత మారేవి: 'గట్టెక్కు' అన్నదానికి తమిళంలో 'కరైయేఱు' ఉంది. కరై అంటే గట్టు, ఏఱు అంటే ఎక్కు. అచ్చంగా మన మాటే. కన్నడంలో 'దడ సేరు', అంటే ఒడ్డు చేరడం. హిందీలో 'బేడా పార్ హోనా', అంటే తెప్ప ఆవలికి చేరడం. తెలుగులో మనిషి గట్టెక్కితే హిందీలో తెప్ప దాటుతుంది. ముందు మనం చెప్పుకున్న సామెత కూడా ఇలాంటిదే. ఆడలేనివాళ్లు తెలుగులో మద్దెలను తప్పుపడతారు. తమిళంలో కూడం వంకర అంటారు. కన్నడంలో నేల డొంకు అంటారు. హిందీలో 'ఆంగన్ టేఢా', అంటే ముంగిలి వంకర అంటారు. ఇంగ్లీషులో ఆట పోయి పనివాడు వచ్చాడు. అతను తన పనిముట్లను తిడతాడు.

(ఇ) అర్థం కలిసి, చిత్రం పూర్తిగా మారేవి: ఎన్నికల వార్తల్లో 'ఓటుబ్యాంకుకు గండి కొట్టారు' అని తరచు చదువుతాం. గండి అంటే కాలువ గట్టుకో చెరువు గట్టుకో పడే తెగు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు పడిన గండ్లు విజయవాడను ఎలా ముంచాయో మీకు తెలుసు. ఇదే వార్తను హిందీ పత్రిక 'వోట్ బ్యాంక్ మేఁ సేంధ్ లగానా' అని రాస్తుంది. సేంధ్ అంటే దొంగ గోడకు వేసే కన్నం. తెలుగు మాటలో నీళ్లు బయటికి పోతాయి. హిందీ మాటలో దొంగ లోపలికి వస్తాడు. పత్రికా అనువాదకుడు గండిని గండిగానే ఉంచితే హిందీ పాఠకుడు తికమకపడతాడు. సేంధ్ అని మారిస్తే హాయిగా చదువుకుంటాడు. వార్తకు అది చాలు. కాలువ గట్టుమీద నడిచే కథలో మాత్రం అది చాలదు.

(ఈ) వివరించక తప్పనివి: 'ఆ బాకీకి నీళ్లొదులుకో' అన్న మాట చూడండి. తిరిగిరాదని తెలిసి ఆశ వదులుకోవడం దీని అర్థం. వదిలేసిన దానిమీద నీళ్లు విడిచే ఆచారం దీని వెనుక ఉంది. 'తిలోదకాలివ్వడం' అన్న జాతీయం కూడా అదే దారిలో వచ్చింది. ఆ ఆచారం తెలియని పాఠకుడికి నీళ్లకూ బాకీకీ ఉన్న సంబంధం అందదు. అక్కడ చిత్రాన్ని వదిలి భావాన్ని చెప్పడమే మర్యాద.

ఇంగ్లీషు దగ్గర విద్యార్థులు తరచు ఒక తొందరపాటు చేస్తారు. కష్టం నుంచి బయటపడటాన్ని ఇంగ్లీషులో 'అవుట్ ఆఫ్ ది వుడ్స్' అంటారు, అంటే అడవి దాటడం. వెంటనే 'మనది నదుల సంస్కృతి, వారిది అడవుల సంస్కృతి' అని రాసేస్తారు. ఈ నిర్ణయం నిలవదు. కష్టకాలాన్ని నెట్టుకురావడానికి ఇంగ్లీషులోనే 'టైడ్ ఓవర్' అన్న మాట ఉంది. అది సముద్రపు పోటుపాట్లను బట్టి ఓడ నడిపినవారి నుంచి వచ్చింది. దిక్కులేకుండా వదిలేయడాన్ని 'హై అండ్ డ్రై' అంటారు. నీరు తీసిపోయి ఓడ పొడినేలమీద ఇరుక్కోవడం అందులోని చిత్రం. తెలుగువాడికి మునగడం విపత్తు అయితే, ఇంగ్లీషు నావికుడికి నీరు లేకపోవడం విపత్తు. ఇద్దరూ నీటి మనుషులే. ఒకడు గట్టుమీద ఇల్లు కట్టుకున్నవాడు, ఒకడు ఓడలో ఉన్నవాడు. ఒక జాతీయాన్ని చూసి జాతి స్వభావాన్ని తేల్చకండి. ఆ మాట ఎవరి చోటు నుంచి పుట్టిందో అడగండి.

స్వయం మూల్యాంకన ప్రశ్న 2: 'కాలికి బుద్ధి చెప్పాడు' అన్నదానికి హిందీలో 'నౌ దో గ్యారహ్ హో గయా' అంటారు. ఇది పై నాలుగింటిలో ఏ రకం? కారణం రాయండి.

5.4 పోలిక మోసం చేసే చోట్లు

రెండు భాషల జాతీయాల్లో ఒకే చిత్రం కనిపిస్తే అర్థం కూడా ఒకటే అనుకుంటాం. తెలియని మాట ఎదురైతే నిఘంటువు చూస్తాం. తెలిసినట్టు కనిపించే మాటకు ఎవరూ నిఘంటువు చూడరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

'ఏరు దాటి తెప్ప తగలేసినట్టు' అంటాం. ఇంగ్లీషులో 'బర్న్ వన్స్ బోట్స్' అంటారు. రెండింటిలోనూ నీళ్లు దాటడం ఉంది, దాటించిన దాన్ని కాల్చడం ఉంది. అర్థాలు మాత్రం ఎదురెదురుగా నిలబడతాయి. తెలుగు మాట కృతఘ్నతను నిందిస్తుంది. అవసరం తీరాక సాయం చేసినవాణ్ని తోసేసేవాడి గురించి చెబుతుంది. ఇంగ్లీషు మాట తిరిగి వెళ్లే దారి లేకుండా చేసుకోవడాన్ని చెబుతుంది. వెనక్కి తగ్గే ఆలోచనే రాకుండా సేనానాయకుడు తన పడవలను తానే తగలబెట్టించడం దాని చిత్రం. సందర్భాన్నిబట్టి అది ధైర్యం కావచ్చు, దుడుకుతనం కావచ్చు. కృతఘ్నత మాత్రం కాదు.

ఇంగ్లీషు నవలలో ఒక యువతి ఉద్యోగం వదిలి 'నా పడవలు తగలబెట్టాను' అంటుందనుకోండి. దాన్ని 'తెప్ప తగలేశాను' అని తెలుగు చేస్తే, పాఠకుడు ఆమెను తిన్న ఇంటికి ద్రోహం చేసిన మనిషిగా చదువుతాడు. ఒక్క మాటతో పాత్ర స్వభావమే తారుమారవుతుంది. అనువాదకుడు తప్పు మాట వాడలేదు. ఇంటి మాటనే వాడాడు. అయినా ఒక మనిషిని అన్యాయంగా నిలబెట్టాడు.

మన తెప్పకు అసలైన బంధువులు వేరేచోట ఉన్నాయి. తమిళంలో ఎక్కివచ్చిన నిచ్చెనను తన్నడం ఉంది. హిందీలో 'జిస్ థాలీ మేఁ ఖానా, ఉసీ మేఁ ఛేద్ కర్‌నా', అంటే తిన్న పళ్లేనికే చిల్లి పెట్టడం ఉంది. తెలుగులోనే 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' ఉంది. తెప్ప, నిచ్చెన, పళ్లెం, వాసాలు: నాలుగు వస్తువులకూ పోలిక లేదు. నాలుగు మాటలకూ అర్థం ఒకటే. పడవకూ తెప్పకూ పోలిక ఉంది, అర్థంలో చుట్టరికం లేదు. చిత్రంలో పోలిక అర్థంలో పోలికకు సాక్ష్యం కాదని ఇందువల్ల గ్రహించాలి.

5.5 జాతీయం నిజమైనప్పుడు: ఉప్పెన, కొంప మునగడం

ఇంతవరకు జాతీయంలో చిత్రం పక్కకు జరిగి, భావమే ముందు నిలుస్తుందని అనుకున్నాం. 'గండి కొట్టారు' అని చదివేటప్పుడు మనం గట్టును ఊహించుకోం. కాని చిత్రం పూర్తిగా చచ్చిపోదు. తగిన చోటు, తగిన మనిషి దొరికితే లేచి నిలబడుతుంది. దివిసీమ ఇందుకు ఉదాహరణ.

1977 నవంబరు 19న తుపాను కృష్ణా డెల్టా తీరాన్ని తాకింది. సముద్రం పొంగి ఊళ్లమీద పడింది. 10,000 మందికి పైగా మరణించారు. దివిసీమ ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అంతకు ముందు 1864 నవంబరులో ఇలాగే బందరును సముద్రం ముంచింది. ఈ ప్రాంతంలో 'ఉప్పెన' అనేది ముందుగా ఒక తేదీ, ఒక రాత్రి, తిరిగిరాని మనుషుల పేర్లు. ఆ తర్వాతే ఒక ఉపమానం.

మిగతాచోట్ల 'అభిమానులు ఉప్పెనలా వచ్చారు' అని మామూలుగా రాస్తారు. 2021లో ఒక ప్రేమకథా చిత్రానికి కూడా ఈ పేరు పెట్టారు. అందులో తప్పేమీ లేదు. భాష అలాగే పెరుగుతుంది. 'సునామీ' అనే జపనీస్ మాట కూడా 2004 డిసెంబరు 26 తర్వాత మన ఇళ్లలోకి వచ్చింది. బందరు దగ్గర మంగినపూడి తీరంలోనూ ఆరోజు ప్రాణాలు పోయాయి. కొన్నేళ్లకే అది 'ఓట్ల సునామీ'గా పత్రికల్లోకి ఎక్కింది. విపత్తు పేరు ఉపమానంగా మారడానికి పట్టే కాలం ఎంత తక్కువో చూడండి.

ఇప్పుడు ఈ వాక్యాన్ని పరిశీలించండి: 'ఆ రాత్రితో మా కొంప మునిగిపోయింది.'

గుడివాడలో ఒక కిరాణా వర్తకుడు ఈ మాట అన్నాడనుకోండి. భాగస్వామి డబ్బుతో పారిపోయిన రాత్రి గురించి చెబుతున్నాడు. అనువాదకుడు 'మేం సర్వం పోగొట్టుకున్నాం' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషు చేయవచ్చు. మన (ఇ) రకం సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు.

ఇదే వాక్యాన్ని దివిసీమలో ఒక వృద్ధురాలు 1977 గురించి చెబుతూ అన్నదనుకోండి. ఇప్పుడు ఏది సరైన అనువాదం? 'సర్వం పోగొట్టుకున్నాం' అంటే నీళ్లు మాయమవుతాయి. ఆమె చూసినది పోతుంది. 'మా ఇల్లు నీట మునిగింది' అంటే నీళ్లు మిగులుతాయి, బతుకు చితికిపోవడం మాయమవుతుంది. ఇంట్లోకి నీళ్లొచ్చిన మామూలు వరదలా వినిపిస్తుంది. ఆమె మాటలో ఆ రెండూ విడదీయరానివి. జాతీయమూ నిజమే, వాచ్యార్థమూ నిజమే.

ఇక్కడ ఒక మాటకు ఒక మాట అన్న నియమాన్ని పక్కన పెట్టవలసిందే. 'ఆ రాత్రి సముద్రం మా ఇంటిమీదికి వచ్చింది. దాంతో మా బతుకు ముగిసిపోయింది' అన్న అర్థం వచ్చేలా రెండు వాక్యాలుగా చేయడం నా దృష్టిలో మేలైన మార్గం. ఒక్క మాటలోని బిగువు పోతుంది. కాని ఆమె సాక్ష్యం నిలుస్తుంది. సాక్ష్యాన్ని అనువదించేటప్పుడు బిగువు కంటే సాక్ష్యమే ముఖ్యం. 'ముందు వాక్యం అందం చూడాలి' అని మీరు వాదించవచ్చు. అయితే ఆ వాదనను ఈ వృద్ధురాలి ముందు నిలబెట్టి చూడండి.

దీని ఎదురుదిశ కూడా గమనించాలి. 'ఏమంత ప్రమాదం లేదు' అనే మామూలు ఇంగ్లీషు మాటను తెలుగులో సహజంగా 'కొంపలేం మునిగిపోలేదు' అని చెబుతాం. హైదరాబాదులో జరిగే హాస్య సన్నివేశానికి అది చక్కగా అతుకుతుంది. తుపాను బాధితుల గురించి తీసిన చిత్రానికి తెలుగు సంభాషణ రాస్తూ అదే మాట వాడితే అది క్రూరత్వమవుతుంది. నిఘంటువు ఈ తేడాను చెప్పలేదు. వినేవాడు ఎవరో తెలిసిన అనువాదకుడే చెప్పగలడు.

హెచ్చరికల భాషకూ ఇది వర్తిస్తుంది. వాతావరణ సూచనల్లో వచ్చే 'స్టార్మ్ సర్జ్' అనే ఇంగ్లీషు సాంకేతిక పదాన్ని మాటకు మాటగా 'తుపాను ఉధృతి' అని మారిస్తే, గాలి గట్టిగా వీస్తుందని వినేవాళ్లు అనుకోవచ్చు. 'ఉప్పెన వస్తుంది' అంటే నాగాయలంకలో, కోడూరులో మరో వివరణ అక్కరలేదు. నీరు వస్తుంది, ఇల్లు వదలాలి. ఇక్కడ సరైన సమానార్థకం సాహిత్య విషయం కాదు, ప్రాణాల విషయం. ఉప్పెన అన్న మాటను జనసందోహానికీ, ఓట్లకూ ఎడాపెడా వాడేటప్పుడు దాని హెచ్చరిక బలాన్ని కూడా ఖర్చుపెడుతున్నామేమో ఆలోచించండి.

5.6 సంకలనాలు, నిఘంటువులు: ఎంతవరకు ఆధారం?

మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించాడు. పద్యాల భాషతోపాటు వ్యవహారంలోని మాటలకూ అందులో చోటిచ్చాడు. 1868లో కెప్టెన్ కార్ తెలుగు సామెతలను ఇంగ్లీషు అనువాదంతో, వివరణతో సంకలనం చేశాడు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం రైతుల నోటి మాటలను ప్రాంతాలవారీగా చేర్చింది. ఈ మూడూ మీకు అక్కరకు వచ్చే గ్రంథాలే.

అయితే వాటి పరిధి తెలిసి వాడుకోవాలి. సామెత పక్కన ఇంగ్లీషు సామెతను పెడితే దాని సారాంశం తెలుస్తుంది. ఎవరు ఎవరితో అనవచ్చో తెలియదు. 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు' అని తండ్రి కొడుకుతో అనవచ్చు. కొత్త కోడలు మామగారితో అనలేదు. జాతీయంలో అర్థంతోపాటు వరస, వయసు, చనువు కూడా ఉంటాయి. వృత్తిపదకోశం ఇందుకు భిన్నంగా మాట పుట్టిన పనిని చూపిస్తుంది. సమానార్థకం వెతికేటప్పుడు ఈ రెండు రకాల గ్రంథాలనూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది.

సాహిత్యం నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, బందరులో చదువుకున్న విశ్వనాథ సత్యనారాయణ నవల 'వేయిపడగలు'. దీన్ని పి.వి. నరసింహారావు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. పేరు వరకు ఈ అనువాదం చక్కగా కుదిరింది. వేయి తలల సర్పం హిందీ పాఠకుడికీ తెలిసినదే. సంస్కృతం రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి కాబట్టి మాట, చిత్రం రెండూ దాటాయి. కాని 'పడగ' అన్న ప్రతిచోటా 'ఫణ్' పనికిరాదు. 'కోటికి పడగెత్తాడు' అంటే కోటీశ్వరుడయ్యాడని అర్థం. పాత తెలుగులో పడగకు జెండా అనే అర్థం కూడా ఉంది. అక్కడ పాము లేదు. 'ఫణ్' అని రాస్తే హిందీ పాఠకుడికి లేని పాము కనిపిస్తుంది. ఒకే మాటకు ఒకచోట దొరికిన సమానార్థకం రెండోచోట పనికిరాకపోవచ్చు.

మాట రూపాన్ని వదిలి భావాన్ని పట్టుకున్న సందర్భాలు మన పత్రికాభాషలో ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి 'కోల్డ్ వార్'ను హిందీవారు 'శీత యుద్ధ్' అన్నారు. తెలుగు పత్రికలు 'ప్రచ్ఛన్న యుద్ధం' అన్నాయి. హిందీ చలిని తీసుకుంది. తెలుగు చాటుతనాన్ని తీసుకుంది. ఎండాకాలంలో చల్లదనం కోరుకునే చోట 'చల్లని యుద్ధం' అంటే వైరం తీవ్రత తగ్గేది. అలాగని రూపాన్ని అనుసరించడం ఎప్పుడూ తప్పు కాదు. 'మొసలి కన్నీరు' మాటకు మాటగా వచ్చి స్థిరపడింది. ఇప్పుడు దాన్ని పరాయిదని ఎవరూ అనుకోరు.

5.7 స్థానికత: ఎంతవరకు?

ఒక వస్తువు పుష్కలంగా ఉన్నచోటికి అదే వస్తువును మోసుకెళ్లడాన్ని ఇంగ్లీషులో న్యూకాసిల్‌కు బొగ్గు మోయడం అంటారు. న్యూకాసిల్ బొగ్గుకు పేరున్న రేవు. హిందీలో 'ఉల్టే బాఁస్ బరేలీ కో' అంటారు. బరేలీ వెదురుకు పేరున్న ఊరు. ఈ దారిలోనే మీరు 'బందరుకు తొక్కుడు లడ్డు పంపినట్టు' అని కల్పించారనుకోండి. మాట బాగుంది. కృష్ణా జిల్లా పాఠకుడు చిరునవ్వు నవ్వుతాడు. ఇది వాడవచ్చా?

వ్యాసంలో, ఉపన్యాసంలో, వ్యాపార ప్రకటనలో వాడవచ్చు. అక్కడ మాట్లాడేది మీరే. లండన్‌లో జరిగే నవలలో ఒక ఇంగ్లీషు గుమాస్తా నోట పెడితే మాత్రం కథ కూలిపోతుంది. అతనికి బందరు ఎక్కడిది? పాఠకుడు నవ్వుతాడు, కాని పాత్రను నమ్మడు. అలాంటిచోట న్యూకాసిల్‌ను ఉంచి, పక్క వాక్యంలో బొగ్గుగనుల ప్రస్తావన తెస్తే సరిపోతుంది. స్థానిక జాతీయం అనువాదకుడి నోటికి అందం. పాత్ర నోటికి అది అరువు చొక్కా.

5.8 విమర్శకుడు వేసుకోవలసిన ప్రశ్నలు

జాతీయాల అనువాదాన్ని విమర్శించేటప్పుడు 'సహజంగా ఉంది', 'కృత్రిమంగా ఉంది' అని ఒక్క మాటతో ముగించవద్దు. ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. మూలంలో జాతీయం చెప్పే భావం ఏమిటి? మెచ్చుకోలా, నిందా, నిష్ఠూరమా, కంగారా?
2. దానిలోని చిత్రం ఆ సందర్భంలో నిద్రపోతోందా, మేలుకుని ఉందా?
3. ఎవరు, ఎవరితో, ఏ చనువుతో అంటున్నారు?
4. అనువాదంలోని మాటకు మరో అర్థం ఉందా? అది పాత్రకు అన్యాయం చేస్తుందా?
5. ఏదో ఒకటి పోక తప్పనప్పుడు అనువాదకుడు దేన్ని వదిలాడు? ఆ ఎంపికకు తగిన కారణం కనిపిస్తోందా?

వీటిలో రెండోది ఎక్కువమంది మరిచిపోయే ప్రశ్న. చిత్రం నిద్రపోతున్నప్పుడు భావాన్ని దాటిస్తే చాలు. మేలుకుని ఉన్నప్పుడు చిత్రాన్నీ దాటించాలి. దివిసీమ ఉదాహరణ చెప్పేది ఇదే.

5.9 సారాంశం

జాతీయం విడి పదాల మొత్తానికి మించిన అర్థాన్నిస్తుంది. పర్యాయపదానికి లొంగకపోవడం దాని గుర్తు. పరభాషలో దానికి చిత్రంతో సహా కలిసేవి, కొంత కలిసేవి, భావం మాత్రమే కలిసేవి, వివరించక తప్పనివి అని నాలుగు రకాల సమానార్థకాలు దొరుకుతాయి. చిత్రం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదని 'తెప్ప తగలేయడం' రుజువు చేస్తుంది. మాట్లాడే మనిషి అనుభవంలో జాతీయం నిజమైనప్పుడు రెండు అర్థాలనూ నిలబెట్టడం అనువాదకుడి బాధ్యత అని 'కొంప మునిగింది' రుజువు చేస్తుంది. నిఘంటువులు, సంకలనాలు దారి చూపుతాయి. తుది నిర్ణయం సందర్భానిదే.

5.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జాతీయాల సమానార్థకాల్లోని రకాలను సోదాహరణంగా వివరించండి.
2. 'చిత్రంలో పోలిక అర్థంలో పోలికకు సాక్ష్యం కాదు.' ఈ అభిప్రాయాన్ని చర్చించండి.

ఆ) ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జాతీయానికీ సామెతకూ భేదం తెలపండి.
2. 'ప్రచ్ఛన్న యుద్ధం', 'శీత యుద్ధ్' – ఈ రెండు అనువాద పద్ధతులను పోల్చండి.
3. విపత్తుల హెచ్చరికల్లో సరైన సమానార్థకం అవసరాన్ని తెలపండి.

ఇ) అభ్యాసం
1. దివిసీమకు చెందిన కాసుల పురుషోత్తమ కవి 'ఆంధ్రనాయక శతకం' నిందాస్తుతి రచన. పైకి నింద, లోపల స్తుతి. అందులోంచి ఐదు జాతీయాలను ఏరి, వాటిని అనువదిస్తే నింద మిగులుతుందో స్తుతి మిగులుతుందో పరిశీలించండి.
2. మీ ఇంట్లో, పొలంలో, పనిచోట వినిపించే పది జాతీయాలను ఒక వారం పాటు సేకరించండి. ప్రతిదాని పక్కన ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాయండి. ఆ తర్వాతే సమానార్థకం వెతకండి. మాటను ముందు దాని చోట చూసినవారికే దాన్ని మరోచోటికి తీసుకువెళ్లడం సాధ్యమవుతుంది.